తప్పినవాళ్ల ఇంటికే ముందు
(పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ఉపాధ్యాయుడి స్మారకంగా చేసిన ఉపన్యాస పాఠం)



సారు గురించి చెప్పాల్సింది నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను ఒక్క సంగతే చెప్తాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఊళ్లో అందరూ ఫస్టు క్లాసు వచ్చిన పిల్లల ఇళ్లకు పోయేవాళ్లు. సారు సైకిల్ తీసుకుని తప్పిన పిల్లల ఇళ్లకు పోయేవారు. ఉపదేశం చేసేవారు కాదు. "ఏ సబ్జెక్టు పోయింది? ఎన్ని మార్కుల్లో పోయింది? సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తారీకు తెలుసా?" అని అడిగేవారు. తల్లిదండ్రులను పక్కకు పిలిచి, "ఇయ్యాల పిలగాణ్ణి ఏమనకుండ్రి. రేపు పొద్దున నా దగ్గరికి పంపుండ్రి" అని చెప్పి లేచేవారు. మర్నాడు పొద్దున ఆ పిల్లవాడికి సారు ఇంటి అరుగు మీద ఒక చాప, ఒక పలక సిద్ధంగా ఉండేవి. లెక్క ఎక్కడ తప్పాడో అక్కణ్నుంచే మొదలుపెట్టేవారు.

యువతకు చదువు, ప్రోత్సాహం అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. చదువు విలువ గురించి ఈ సభలో ఎవరికీ సందేహం లేదు. ప్రోత్సాహం సంగతే మనం సరిగ్గా ఆలోచించడం లేదని నాకు అనిపిస్తుంది. ప్రోత్సాహమంటే గట్టి గొంతుతో చెప్పే గంట ప్రసంగమని అనుకోవడం మొదలుపెట్టాం. నా ఉద్దేశంలో ప్రోత్సాహం ఒక ఏర్పాటు. ఉండటానికి చోటు, చదువుకోవడానికి బల్ల, వేళకు తిండి, అడిగితే నిజం చెప్పే పెద్దమనిషి ఒకరు. ఇవి దొరికిన పిల్లలు మన ప్రాంతంలో ఏం చేశారో చరిత్రలో ఉంది. ఇవి దొరకని పిల్లలకు ఎంత ఉత్తేజం కలిగించే మాట చెప్పినా అది వారం తిరక్కముందే ఆవిరైపోతుంది.

మనం కూర్చున్న చోటునే చూడండి. విజయవాడ, ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ బస్సులన్నీ ఈ రోడ్డు మీదుగానే నగరంలోకి వస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు దాటితే హయత్‌నగర్, ఆ తర్వాత ఎల్బీ నగర్. ఆదివారం సాయంత్రాలు ఈ జంక్షన్‌లో నిలబడితే తెలుస్తుంది. బస్సులో సగం మంది ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ల పిల్లలు. భుజాన ఒక బ్యాగు, చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి డబ్బా, బియ్యం సంచి. వాళ్లలో చాలామంది దిగేది దిల్‌సుఖ్‌నగర్‌లోనో చైతన్యపురిలోనో. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు, కంప్యూటర్ కోర్సు అంటూ ఎవరి లక్ష్యం వాళ్లది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలు రెండూ ఒకే తీగ మీదకు వచ్చాయి. అక్కడ క్లాసు, ఇక్కడ గది.

దిల్‌సుఖ్‌నగర్ ఎవరిదో తెలియాలంటే 2013 ఫిబ్రవరి 21 గుర్తు చేసుకోవాలి. సాయంత్రం ఏడు గంటల వేళ కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర వరసగా రెండు బాంబులు పేలాయి. పదిహేడు మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలున్నారు. ఆ వేళకు ఆ బస్టాపులో ఉండేది వాళ్లే కదా. ఆ ఇళ్లలో చదువు కోసం పంపిన పిల్లవాడు తిరిగి రాలేదు. నెల తిరక్కముందే అదే వీధిలోని అవే గదుల్లోకి మళ్లీ పిల్లలు వచ్చి చేరారు. ఈ పిల్లలకు పట్టుదల లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అక్కడి స్టడీ హాల్ ఒకటి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడని పెద్దల కోసం చెప్తాను. కింద జిరాక్స్ షాపు, పైన టిఫిన్ సెంటర్, మూడో అంతస్తులో హాలు. లోపల ప్లైవుడ్ పలకలతో అడ్డాలు కట్టి, ఒక్కొక్కరికి రెండడుగుల బల్ల, ఒక ట్యూబులైటు, ఒక ప్లగ్గు, కింద తాళం వేసుకునే అర. గోడకు అంటించిన కాగితం మీద పరీక్షకు ఎన్ని రోజులున్నాయో రోజూ కొట్టేసి రాసుకుంటారు. ఒకామె కుర్చీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న పాత చీర మడతపెట్టి వేసుకుంది, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చోవాలి కాబట్టి. పక్కవాళ్ల పేరు కూడా తెలియకుండా నెలల తరబడి చదివేవాళ్లున్నారు. నెలకు స్టడీ హాల్‌కు ఇంత, హాస్టల్‌కు ఇంత, టెస్ట్ సిరీస్‌కు ఇంత. ఈ డబ్బంతా ఊళ్లో అమ్మానాన్నలు పంపాలి. పత్తి అమ్మిన డబ్బు, పాల డబ్బు, కూలి డబ్బు. ఫోన్ చేసినప్పుడు నాన్న "ఎట్ల సదువుతున్నవు" అని అడుగుతాడు, "పైసలు ఉన్నయా" అని అడుగుతాడు. మూడో ప్రశ్న ఆయన అడగడు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియదు, కొడుక్కీ తెలియదు.

ఆ హాల్ గోడల నిండా గెలుపు గురించిన బొమ్మలు, పెద్దవాళ్ల ఫొటోలు, రంగురంగుల సూక్తులు ఉంటాయి. సెల్‌ఫోన్ తెరిస్తే అవే మాటలు. రాయించినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్లవాడికి నిజంగా ఎదురైన కష్టం ఏమిటో ఆ గోడకు తెలియదు.

గ్రూప్-1 సంగతే తీసుకోండి. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 26న, 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. అక్టోబరు 21 నుంచి 27 దాకా మెయిన్స్. 2025 సెప్టెంబరులో ర్యాంకుల జాబితా మీద సింగిల్ జడ్జి తీర్పు, ఆ తీర్పును నిలిపేస్తూ డివిజన్ బెంచ్ ఉత్తర్వు, ఆ నెలాఖరుకు నియామక పత్రాలు. 2022లో డిగ్రీ పట్టాతో ఇరవై రెండేళ్ల వయసులో ఆ స్టడీ హాల్‌లో కూర్చున్న అమ్మాయికి ఇది తేలేసరికి ఇరవై అయిదు దాటాయి. ఒకే మెట్టు ఆమె మూడుసార్లు ఎక్కింది. ఆమెకు తక్కువైంది సంకల్పమా?

టీచర్ పోస్టులదీ అంతే. 2017 చివర్లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ తర్వాత పెద్ద డీఎస్సీ 11,062 పోస్టులతో 2024 ఫిబ్రవరి ఆఖరున వచ్చింది. మధ్యలో ఆరేళ్లు. బీఈడీ చేసిన పిల్లలు ఆ ఆరేళ్లూ ఏం చేశారో మన వీధుల్లోనే చూశాం. ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠం చెప్పారు, సాయంత్రం ట్యూషన్ చెప్పారు, రాత్రి మెథడాలజీ బిట్లు చదివారు. కరోనా కాలంలో బడులు మూతపడితే కొందరు కూలికి పోయారు, కొందరు కూరగాయలు అమ్మారు. 2024లో పోస్టు వచ్చినవాళ్లలో ఇలా చదివినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను ఆ ఆరేళ్లు నిలబెట్టింది ఏమిటని అడిగితే నాకు వచ్చిన జవాబులన్నీ మనుషుల పేర్లే. అద్దె అడగని ఇంటావిడ, పాత పుస్తకాలు ఇచ్చిన సీనియర్, ఫీజు తర్వాత కట్టమన్న సారు, పిల్లను చూసుకున్న అత్తమ్మ.

ప్రోత్సాహమంటే ఒక ఏర్పాటన్న ఈ ఆలోచన కొత్తది కాదు. నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడు హైదరాబాదులో చదువుకోవాలంటే మొదటి అడ్డంకి ఉర్దూ మీడియం, రెండోది బస. 1910లో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో దళిత పిల్లల కోసం బడి పెట్టారు. తెలుగులో చదువు చెప్పించారు. చందాలతో నడిపారు, ఆ బడులు 26 దాకా పెరిగాయి. అంటరానివాళ్ల పిల్లలకు అక్షరాలెందుకన్న కాలంలో ఆయన చేసిన పని కప్పు వేసి, పలక ఇచ్చి, పంతులును కూర్చోబెట్టడం. ఆత్మగౌరవం గురించి సభల్లోనూ మాట్లాడారు. ఆయన మాటకు బలం ఆ బడుల నుంచి వచ్చిందని నేను నమ్ముతాను.

1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి రెడ్డి హాస్టల్ మొదలుపెట్టారు. వనపర్తి సంస్థానంలోని ఒక పల్లెలో పుట్టి, తర్వాత హైదరాబాదు నగర కొత్వాల్ అయిన మనిషి. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటు ఉండాలని ఆయన పట్టుబట్టారు. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్‌కు కార్యదర్శిగా ఉండి గ్రంథాలయాన్ని పెంచారు. 1926లో మొదలైన గోలకొండ పత్రికను నడిపింది ఆయనే. మన భువనగిరి పక్కన బొల్లేపల్లి నుంచి వచ్చి ఆ హాస్టల్ నీడన ఎదిగిన రావి నారాయణరెడ్డి తెలంగాణ సాయుధ పోరాట నాయకుడయ్యారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి దేశంలోనే అత్యధిక ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. కొత్వాల్ కట్టించిన హాస్టల్ నుంచి ప్రభుత్వాన్ని ఎదిరించిన నాయకుడు రావడం నాకు ఆశ్చర్యం కలిగించదు. పిల్లలకు చోటూ పుస్తకమూ ఇచ్చాక వాళ్లు ఏమవుతారన్నది ఇచ్చినవాళ్ల చేతిలో ఉండదు, ఉండకూడదు కూడా.

అయితే ఆ కాలపు హాస్టళ్లకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాటవేయకూడదు. అవి కులాల పేరుతో వెలిశాయి. డబ్బున్న కులానికి పెద్ద హాస్టల్, లేని కులానికి చిన్న గది, అదీ లేనివాళ్లకు ఏమీ లేదు. ఈ ప్రాంతంలో ఆ అడ్డుగోడ పక్కకు జరగడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కణ్నుంచి చౌటుప్పల్ వైపు పోతే సర్వేల్ అనే ఊరుంది. సంస్థాన్ నారాయణపురం మండలం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరు 23న అక్కడ గురుకుల పాఠశాల మొదలైంది. సర్వోదయ కార్యకర్త మద్ది నారాయణరెడ్డి తన భూమిని బడికి ఇచ్చారు. పక్కనే ఉన్న పోచంపల్లిలో ఇరవై ఏళ్ల ముందు, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఆ భూదానపు గాలి అప్పటికింకా ఆ పల్లెల్లో ఉంది. సర్వేల్ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పరీక్ష పెట్టి పిల్లలను తీసుకున్నారు, ఎవరి కొడుకని అడగలేదు. టీచర్లు అక్కడే క్వార్టర్లలో ఉన్నారు. రాత్రి ఎనిమిదింటికి లెక్క రాకపోతే పిల్లవాడు పోయి తలుపు కొట్టే దూరంలో సారు ఉండటం, నా దృష్టిలో ఆ బడి విజయమంతా అందులో ఉంది. అక్కణ్నుంచి ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు వచ్చారని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ టీచర్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తుండవు.

సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ దారిని ఇంకా కింది మెట్టు దాకా తీసుకుపోయాయి. మాలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి గురుకులంలో చదువుతూ, 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ ఆమెతో పాటే శిఖరం చేరాడు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపు పిల్లలను అనుమతించరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అప్పట్లో ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గురుకులాల కార్యదర్శి. ఈ కథను మన వక్తలు ఒక్క వాక్యంలో ముగిస్తారు: కల కన్నది, సాధించింది. అది నిజం కాదని అనను, కానీ అసలు కథ ఆ వాక్యం మధ్యలో ఉంది.

ఆ పిల్ల మొదట చెయ్యి పెట్టింది మన భువనగిరి గుట్ట మీద. ఏకశిల. కింద నుంచి చూస్తే నున్నగా ఏనుగు వీపులా ఉంటుంది, దగ్గరికి పోతే వేళ్లు పట్టడానికి పగుళ్లుంటాయి. బచినేపల్లి శేఖర్‌బాబు గురుకులాల పిల్లలకు అక్కడ తాడు కట్టి ఎక్కడం నేర్పారు. నడుముకు హార్నెస్ బిగించి, తాడు రెండో కొసను కింద మరొకరు పట్టుకుంటారు. పైన పిల్ల చెయ్యి జారితే ఆ కింది మనిషి తాడు బిగపట్టాలి. జారడం తప్పు కాదని మొదటి రోజే చెప్తారు, జారినప్పుడు ఏం చెయ్యాలో నేర్పుతారు. అక్కడ నిలిచిన పిల్లల్లోంచి కొందరిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. ఆ తర్వాత చలికాలంలో లడఖ్. మంచులో నడక, కొలతతో తిండి, ఊపిరి పట్టే అభ్యాసం. ఇంత చేశాక ఎవరెస్టు. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని దెనాలి ఎక్కి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తిచేసింది.

ఆ పిల్లకు ఎవరూ "నువ్వు ఏదైనా చేయగలవు" అని చెప్పి వదిలేయలేదు. ముందు చిన్న గుట్ట చూపించారు, తాడు కట్టారు, కింద మనిషిని నిలబెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మనం పిల్లలను తాడు లేకుండా ఎవరెస్టు ఎక్కమంటున్నాం.

ఇక్కడ ఒక కఠినమైన లెక్క చెప్పక తప్పదు. 2024 గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసినవాళ్లు 3 లక్షలకు పైనే. మెయిన్స్‌కు అర్హత పొందినవాళ్లు 31,382 మంది. పోస్టులు 563. అంటే ఒక్కో పోస్టుకు 500 మందికి పైగా. అందరూ కష్టపడి, అందరూ బాగా రాసినా 3 లక్షల మందిలో 563 మందికే ఉద్యోగం వస్తుంది. కష్టపడితే వచ్చి తీరుతుందని చెప్పేవాళ్లు, రానివాళ్లందరినీ కష్టపడనివాళ్ల కింద జమకడుతున్నారు. పిల్లలు ఆ నిందను నమ్ముతారు. అందుకే మూడో ప్రయత్నం పోయినవాడు దసరాకు ఊరికి పోవడం మానేస్తాడు.

సారు అయితే ఏం చేసేవారు? ఫీజు తారీకు అడిగినట్టే వయసు అడిగేవారు, ఇంటి పరిస్థితి అడిగేవారు. "ఇంకో రెండేళ్లు చదువు. ఈ లోపల చేతిలో ఒక పని నేర్చుకో. రెండేళ్లకు ఇద్దరం కలిసి మళ్లీ చూద్దాం" అనేవారని నా నమ్మకం. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. మన చుట్టూ గోదాములు, వర్క్‌షాపులు, ఆసుపత్రులు పెరుగుతున్నాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ కూడా బాటసింగారం తరలి వచ్చింది. వీటిలో లెక్కలు తెలిసినవాళ్లు, యంత్రం తెలిసినవాళ్లు కావాలి. డిగ్రీ చదివిన పిల్లవాడు అక్కడ చేరితే ఓడిపోయాడని మన నోటితో మనమే అంటే, ఆ తలుపు మనమే మూసేసినట్టు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మూల్యాంకనంలో తప్పులు దొర్లాయని ఆ తర్వాత తేలింది. మార్కుల మెమో మళ్లీ సరిచేయొచ్చు, పిల్లలను తెచ్చుకోలేం. ఇంటర్‌లో తప్పితే కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. ఆ సంగతి ఫలితాలకు ముందే ఇంట్లో మాట్లాడండి. ఫలితం వచ్చిన సాయంత్రం పిల్లలను ఒంటరిగా వదలకండి, పక్కింటివాళ్ల పిల్లల మార్కులు ఎత్తకండి. పిల్లలు మాట్లాడటం మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి. ఆ గోడ మీద సూక్తులకు చోటున్నప్పుడు దీనికీ ఉంటుంది.

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పాలి. ఒక ప్రయత్నం పోయిన అబ్బాయికి ఇంకో ఏడాది దొరుకుతుంది, అమ్మాయికి సంబంధం దొరుకుతుంది. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో బాగా చదివే అమ్మాయిలు హఠాత్తుగా కనిపించకుండా పోయేవాళ్లు. కారణం ఎప్పుడూ హాస్టల్ ఖర్చు, లేకపోతే బస్సు ఖర్చు, ఆ రెండూ కాకపోతే చీకటి పడటం. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. దాని మీద ఎన్ని వాదనలున్నా నేను చూసింది చెప్తాను. చౌటుప్పల్ అమ్మాయి పొద్దున బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసు విని రాత్రికి ఇంటికి చేరుతోంది. హాస్టల్ ఖర్చు మిగిలింది, ఇంట్లో అభ్యంతరం తగ్గింది. ఆమెకు ఇప్పుడు కావాల్సింది మధ్యాహ్నం క్లాసు అయిపోయాక సాయంత్రం దాకా కూర్చుని చదువుకునే భద్రమైన చోటు, అందులో శుభ్రమైన బాత్రూం.

ఆ చోటు గురించి చెప్పి ముగిస్తాను. ఇక్కడున్న ఇంటి యజమానులంతా ఇంటికి పోయి ఆస్తిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు. మనం కడుతున్నాం. స్థానిక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పెద్ద అంబర్‌పేట్, కుంట్లూరు, పసుమాములలో ఈ పదిహేనేళ్లలో ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని వెంచర్లు వచ్చాయో మీకే తెలుసు. అన్ని ఇళ్ల రూపాయికి ఎనిమిది పైసలంటే చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, ఇక్కడి పిల్లలకు దానితో ఏం వచ్చింది అని లిఖితపూర్వకంగా అడిగే హక్కు మనకుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వరుసలో నిలబడే పిల్లల్లో మన పిల్లలున్నారు. వాళ్లు అంత దూరం పోకుండా రాత్రి పది దాకా తెరిచి ఉండే చదువుగది ఇక్కడే కావాలి.

అది వచ్చేలోగా సారు కుటుంబంవాళ్లు సారు పేరిటి ధర్మనిధి కింద రెండు గదులు ఇస్తామన్నారు. నలభై కుర్చీలు పడతాయట. బల్లలు, లైట్లు, రెండు దినపత్రికలు, తెలుగు అకాడమీ పుస్తకాలు చందాలతో కొనొచ్చు. దానికి నాకు బెంగ లేదు, మనవాళ్లు ఇస్తారు. నాకు బెంగంతా రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అక్కడ కూర్చునే పెద్దమనిషి గురించి. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీర్లు, పోస్టు తెచ్చుకున్న పాత విద్యార్థులు ఈ హాల్లోనే కనీసం ముప్పై మంది ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం ఒకరు. పిల్లలు అడిగితే లెక్క చెప్పాలి, దరఖాస్తు నింపడంలో సాయం చేయాలి, నాలుగు రోజులు రాని పిల్లవాడికి ఫోన్ చేయాలి. ప్రసంగం అక్కర్లేదు. తలుపు దగ్గర బల్ల మీద రిజిస్టరు పెట్టారు, ఏ రోజుకు ఎవరో రాసుకుంటున్నారు. మంగళవారం నాది.